చదివితే చెరిగే స్ఫటికం

ఉద్యోగం నుంచి దిగిపోయాక కాలేజీల వాళ్లు నన్ను అప్పుడప్పుడు పిలిచి, మీ రోజుల్లో ప్రయోగశాలలు ఎలా ఉండేవో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటారు. నేను నవ్వొచ్చే సంగతులే ఏరుకుని చెబుతాను. ఎలుకలు తీగలు కొరికేసి పని ఆగిపోయిన రోజు గురించీ, ఓడలో వచ్చిన అద్దాల పెట్టెను రేవులో కస్టమ్స్ వాళ్లు విప్పి చూసి ప్రతి అద్దం మీదా వేలిముద్రలు వేసి పంపిన రోజు గురించీ చెబుతాను. జగ్గయ్యపేట సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఎత్తబోతే మాట దారి మళ్లి ఎలుకల దగ్గరకే పోతుంది. కాగితం మీదైతే ఆ ఇబ్బంది ఉండదు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరాను. మాది రెడ్డిగూడెం వైపు వ్యవసాయ కుటుంబం. ఆడపిల్ల స్క్రూలు బిగించే ఉద్యోగం చేయడమేమిటని మా నాన్నకు కొంచెం చిన్నతనంగా ఉండేది. ఎవరన్నా అడిగితే లెక్చరర్ అని చెప్పేవాడు. నన్ను వేసింది లేజరు విభాగంలో. దాని పెద్దను అందరం సారు అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. విదేశంలో చదువుకుని వచ్చిన మనిషి. సొంతూరు నందిగామ దగ్గర ఒక పల్లె. భార్య చాలా ముందే పోయింది, పిల్లలు లేరు. బట్టల గురించీ భోజనం గురించీ పట్టింపు లేదు. లెన్సు మీద దుమ్ము కనపడితే మాత్రం ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆయన పట్టుకున్న పని వెలుగుతో సమాచారం దాచడం. కాగితానికి చెదలు పడతాయి, టేపుకు బూజు పడుతుంది, వెలుగు వేసిన ముద్రకు ఏ పురుగూ పట్టదు అనేవాడు. మీకిప్పుడు వేలెడంత ముక్కలో లైబ్రరీ అంతా పట్టేస్తోంది కాబట్టి ఆ ఆశ ఎంత పెద్దదో తెలియకపోవచ్చు. అప్పట్లో కంప్యూటరు అంటే ఒక గది, టేపులంటే ఆ గది పక్కన ఇంకో గది.

పద్ధతి చెబుతాను, కష్టమేమీ కాదు. ఒక పేజీ అంటే మాకు చుక్కల చట్రం. వెలుగున్న చుక్క ఒకటి, లేని చుక్క సున్నా. లేజరు కిరణాన్ని రెండు పాయలు చేస్తాం. ఒక పాయ ఆ చుక్కల ఫిల్ము గుండా వస్తుంది, రెండోది దేన్నీ తాకకుండా నేరుగా వస్తుంది. రెండూ పటికబెల్లం ముక్కంత స్ఫటికంలో కలుసుకుంటాయి. కలిసిన చోట సన్నని వెలుగు చారలు ఏర్పడి లోపల ముద్ర పడిపోతాయి. తరవాత ఫిల్ము తీసేసి రెండో పాయను ఒక్కదాన్నే పంపితే చుక్కల పేజీ మొత్తం లేచివచ్చి ఎదుటి తెర మీద పడుతుంది. స్ఫటికాన్ని రవ్వంత తిప్పితే అదే ముక్కలో ఇంకో పేజీ రాసుకోవచ్చు. దీన్నే హోలోగ్రామ్ జ్ఞాపకం అనేవాళ్లం.

చిక్కల్లా ముద్ర పడేటప్పుడు బల్ల మీద ఏదీ కదలకూడదు. వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా చారలు అలుక్కుపోతాయి. హైదరాబాదులో మా భవనం రోడ్డు పక్కన ఉండేది. బస్సు వెళ్లినప్పుడల్లా ఒక పేజీ పోయేది. అందుకని సారు పై వాళ్లను ఒప్పించి సొంత ప్రాంతానికి విభాగాన్ని తీసుకొచ్చాడు. మొదట నందిగామలో మూతపడిన పత్తి మిల్లు షెడ్డు అద్దెకు తీసుకున్నాం. అది నల్లరేగడి నేల అని ఆయనకు తెలియక కాదు, షెడ్డు ఊరికే పడి ఉందన్న మోజులో ఆలోచించలేదు. ఎండాకాలం నేల నెర్రెలిచ్చి బల్ల ఒక పక్కకు ఒరిగింది, వానలు పడగానే ఉబ్బి ఇంకో పక్కకు ఒరిగింది. అలా ఏడాది రేగడిలో కూరుకుపోయింది.

అప్పుడు జగ్గయ్యపేటకు మారాం. ఊరి బయట, గడ్డపార వేస్తే ఖంగున మోగే సున్నపురాతి నేల మీద ఒక పాత గిడ్డంగి దొరికింది. చిల్లకల్లులో హైవే పక్కన పంక్చరు షాపులో లారీ ట్యూబులు కొని, సగం గాలి కొట్టి, వాటి మీద గ్రానైటు బండ పరిచాం. పైకి పంపే రిపోర్టులో దాన్ని వాయు ఆధారిత కంపన నిరోధక వేదిక అని రాశాం. పేరు ఎలా ఉన్నా బండ మాత్రం నిలబడింది.

భాయ్ మాతో చేరింది నందిగామలో ఉన్నప్పుడే. అతని పేరు రాయను, మేమంతా భాయ్ అనే పిలిచేవాళ్లం. నందిగామ బస్టాండు దగ్గర వాళ్ల నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. చుక్కల పేజీని పెద్ద అట్ట మీద గీసి, దాన్ని ఫొటో తీసి, గోరంత ఫిల్ము మీదకు దించాలి. దుమ్ము పడిన చోట ఫిల్ములో సన్నని రంధ్రం వస్తుంది, అది పేజీలో లేని అదనపు చుక్కలా వెలుగుతుంది. అలాంటివి వెతికి నల్లరంగుతో మూయాలి. భాయ్ స్టూడియోలో చేసే పని అదే. నెగెటివ్‌ల మీద సన్న పెన్సిలుతో మొహాలు దిద్దేవాడు. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లో అమ్మవారి మచ్చలు మాయం చేయడంలో చుట్టుపక్కల అతనికి పేరు. అది మోసం కాదా అని ఒకసారి అడిగాను. మచ్చ దేవుడు పెట్టాడు, పెన్సిలూ దేవుడే ఇచ్చాడు అన్నాడు.

రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చేవాడు. కొత్తగా పెళ్లయింది. భార్య కట్టిచ్చిన కారేజీ విప్పితే మా ముగ్గురికీ సరిపడా ఉండేది. మొదట్లో నన్ను మేడమ్ గారు అనేవాడు. వాళ్లావిడ పంపిన ఖీమా నేను తిననని తెలిశాక, మర్నాటి నుంచి నాకోసం విడిగా పప్పు తెచ్చేవాడు. అప్పటినుంచి అక్కా అనడం మొదలుపెట్టాడు.

మేం రాయడానికి సారు ఎంచుకున్నది మెట్ట ఊళ్ల వానల లెక్కలు. ఏ నెలలో ఏ ఊళ్లో ఎంత కురిసిందో పాత రికార్డుల నుంచి తీసి చుక్కలుగా మార్చాం. స్ఫటికంలో మొదటి పేజీ పడి, మళ్లీ తెర మీద లేచిన రోజు నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. మధ్యాహ్నం పూట, తలుపులు మూసి నల్లగుడ్డలు కట్టిన గదిలో, ఆకుపచ్చ చుక్కలు వరసలుగా వచ్చి నిలబడ్డాయి. సారు తెర ముందుకు వెళ్లి ఆ చుక్కలు తన చొక్కా మీద పడేలా నుంచున్నాడు. పక్కకు తప్పుకోమని చెప్పడానికి మా ఇద్దరికీ మనసు రాలేదు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ముద్ర వేసిన వెలుగే ముద్రను చెరిపేస్తుంది. చదవడానికి కిరణం పంపిన ప్రతిసారీ లోపలి చారలు కొంచెం కొంచెం కరిగిపోతాయి. ఒక పేజీ చదివితే పక్క పేజీలకూ అదే గతి. బలం తగ్గించిన కిరణంతో చదివితే మెల్లగా చెరుగుతుంది గానీ, చుక్కల వెలుగును పట్టి అంకెలుగా మార్చడానికి మా దగ్గరున్న గ్రాహకాలకు ఆ మసక వెలుగు ఆనేది కాదు. స్ఫటికాన్ని నెమ్మదిగా వేడిచేసి ముద్రను స్థిరపరిచే మార్గం ఒకటుంది. అది చేయబోతే రెండు స్ఫటికాలు చిట్లిపోయాయి. అవి విదేశం నుంచి రావాలి. ఉత్తరం రాస్తే జవాబు రావడానికే నెలలు పట్టేది.

ఈలోగా చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలు పెరిగాయి. మేం ఏ రాయిని నమ్ముకుని వచ్చామో వాళ్లకూ ఆ రాయే కావాలి. మధ్యాహ్నం సైరను మోగేది, తరవాత పేలుళ్లు. మా బల్ల మీది అద్దాలు ప్రతి పేలుడుకూ రవ్వంత జరిగేవి. కరెంటు కోతలు సరేసరి. పేలుడుకూ కోతకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలోనే అద్దాలన్నీ సర్దుకుని పేజీ రాయాలి. దాంతో తొందర ఎక్కువైంది.

లేజరు నుంచి కన్ను కాచుకోవడానికి రంగు కళ్లజోడు ఒకటే వచ్చింది. అదీ ఒక చిక్కే. అది పెట్టుకుంటే ఆకుపచ్చ కిరణం అసలు కనపడదు. కిరణం కనపడకపోతే అద్దం సర్దడం ఎలా? అందుకని ముగ్గురిలో ఎవరం సర్దినా అది తీసేసే సర్దేవాళ్లం. సారూ తీసేసేవాడు. ఉంగరం, గడియారం పక్కన పెట్టడం, బల్ల ఎత్తుకు తల వంచకపోవడం అనే రెండు నియమాలతోనే నెట్టుకొచ్చాం.

ఒకరోజు పేలుడు తరవాత స్ఫటికాన్ని పట్టుకునే క్లిప్పు వదులైంది. దాన్ని మార్చడానికి భాయ్ వంగాడు. నేను గది రెండో కొసన మీటల దగ్గర ఉన్నాను. కొత్త క్లిప్పు ఇంకా నల్లరంగు వేయని మెరుపు ఇనుము, కిరణం తగిలితే అద్దంలా ఎటో తిప్పికొడుతుంది. భాయ్ ఒక్కసారి వెనక్కి తగ్గి నిటారుగా నిలబడటం చూశాను. ఏమైందని అడిగాను. తల తగిలింది అన్నాడు. నీళ్లు తాగి వచ్చి పని పూర్తిచేశాడు.

కొన్నాళ్లకు ఫిల్ముల్లో రంధ్రాలు మిగిలిపోవడం మొదలైంది. సారు భాయ్‌ని గట్టిగానే మందలించాడు, కొత్త పెళ్లికొడుకు ధ్యాస ఇంటి మీదే ఉందని. భాయ్ తల దించుకుని విన్నాడు. టీ వంచబోతే సాసర్ పక్కన పడేది. మాట్లాడేటప్పుడు మనిషి వైపు కాకుండా చెవి పక్కగా చూసేవాడు. నాకు అనుమానం వచ్చింది గానీ, ఏమని అడగాలో తెలియలేదు. ఒక సాయంత్రం ఇద్దరం జగ్గయ్యపేట బస్టాండులో ఉన్నాం. బస్సు మా ఎదురుగానే ఆగి ఉంది, బోర్డు మీద పెద్ద అక్షరాలు.

"అది ఎక్కడికి పోయే బస్సక్కా?" అన్నాడు.

నేను అతని మొహంలోకి చూశాను. ఇక దాచడానికి వీల్లేదని అతనికీ అర్థమైంది.

"కుడికన్ను మధ్యలో మచ్చలాగా ఉంది. ఎటు చూస్తే అటే వచ్చి కూర్చుంటోంది. ఇప్పుడు మిమ్మల్ని చూస్తుంటే మొహం లేదు. చెవులు, జడ కనపడతన్నాయి."

"ఎడమకన్ను?"

"అది నా చిన్నప్పటి నుంచి మసకేగా. అందుకే ఎప్పుడూ కుడికన్నుతోటే దిద్దేది."

ఎప్పటినుంచని అడిగితే క్లిప్పు మార్చిన రోజు నుంచి అన్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదట. అదే తగ్గుతుందని చూస్తున్నాడట. మర్నాడే సెలవు పెట్టించి విజయవాడ తీసుకెళ్లాను. కంటి డాక్టరమ్మ కంట్లో మందు వేసి చాలాసేపు చూసింది. గ్రహణాన్ని చూశావా అని అడిగింది. లేదన్నాడు. వెల్డింగు పనా అని అడిగింది. అదీ కాదన్నాడు. మా పని ఏమిటో నేను వివరించాను. ఆవిడ దీపం ఆర్పేసి, ఆకు మీద నిప్పురవ్వ పడితే పడిన చోట కాలిపోతుంది కదా, లోపలి పొర మీద సరిగ్గా చూపు నిలిచే చోట అలా కాలింది, దీనికి మందు లేదు అని మెల్లగా చెప్పింది. భాయ్ ఆవిడకు దండం పెట్టి, చెప్పులు ఎక్కడున్నాయో నన్ను అడిగాడు.

తిరుగు బస్సులో పరిటాల దాటాక నా వైపు తిరిగాడు. సారుకు చెప్పొద్దని అడిగాడు. కొద్దిరోజుల్లో హైదరాబాదు నుంచి కమిటీ రాబోతోంది. విభాగం ఉండాలో పోవాలో వాళ్లే తేల్చాలి. ఇలాంటి ప్రమాదం జరిగిందని తెలిస్తే తాళం వేస్తారు, తన ఒక్కడి మూలంగా సారు ఇన్నేళ్ల కష్టం పోతుంది అన్నాడు. పోయిన కన్ను ఎలాగూ రాదు కదా అని కూడా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రేపు ఇంకొకరు ఆ బల్ల దగ్గర వంగుతారు, అది నువ్వే కావచ్చు, రెండో కన్నూ పోతుంది అన్నాను. మర్నాడు వెళ్లి సారుకు చెప్పేశాను.

సారు కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. తన కళ్లద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. చివరికి, "కమిటీ వచ్చి వెళ్లనీ అమ్మా. తరవాత నేనే రాస్తా," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు కష్టంగా ఉండింది. చెడ్డవాడు కాదు. కానీ తన జీవితమంతా పోసిన పని ఒక అంగుళం దూరంలో నిలబడితే మంచివాళ్లు కూడా అలాగే మాట్లాడతారని ఆ రోజు తెలిసింది. ఆ గంట నుంచి భాయ్‌ని బల్ల దగ్గరకు రానివ్వలేదు. క్లిప్పులన్నిటికీ తానే కూర్చుని నల్లరంగు వేశాడు. భాయ్‌ని ఇంటి దగ్గర ఉండమన్నాడు, జీతం ఆగదన్నాడు. భాయ్ వినలేదు. రోజూ వచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. నాతో మాత్రం మాట తగ్గించేశాడు. మళ్లీ మేడమ్ గారినయ్యాను.

కమిటీ వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. దారిలో లారీ అడ్డం పడి జీపు ఆలస్యమైంది. ముగ్గురు వచ్చారు. ఛైర్మన్ సన్నటి మనిషి, మర్యాదస్తుడు. నాకు కూడా అండీ అని మాట్లాడాడు. సారు వాళ్లకు నిమ్మసోడా ఇప్పించి, గది చీకటి చేసి, ఒక ఊరూ ఒక నెలా చెప్పమన్నాడు. ఛైర్మన్ నందిగామ, ఏదో ఒక శ్రావణమాసం కోరాడు. స్ఫటికాన్ని తగిన కోణానికి తిప్పాం. చుక్కలు లేచాయి. గ్రాహకాల మీద పడి అంకెలు వచ్చాయి. పుస్తకంలోని లెక్కతో అక్షరాలా సరిపోయాయి. ఛైర్మన్, ఇది నేను చూస్తానని అనుకోలేదండీ అన్నాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. రెండో సభ్యుడు ఇంకో ఊరు అడిగాడు, తరవాత మరొకటి. మూడో ఆయన తెర మీది చుక్కలను ఫొటో తీస్తానని కిరణాన్ని చాలాసేపు వెలగనివ్వమన్నాడు. సారు నా వైపు చూశాడు. చదివిన కొద్దీ కొంచెం పలచబడుతుందని వాళ్లకు చెప్పాడు. అయితే చూద్దాం, మొదటి పేజీనే మళ్లీ చదవండి అన్నాడు ఛైర్మన్. చదివాం. కొన్ని చుక్కలు గ్రాహకాలకు ఆనలేదు. ఒకట్లన్నీ సున్నాలైపోతుంటే వాన తగ్గిపోయింది. ఇంకోసారి చదవమన్నారు. ఇంకా తగ్గింది. చివరికి ఆ శ్రావణమాసంలో నందిగామలో చినుకు పడలేదని తేలింది. ఫొటో తీసినాయన, మీ యంత్రం కరువు తెస్తోందే అని నవ్వాడు. సారు కూడా నవ్వాడు. అంత కష్టంగా నవ్వడం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

తెరలు తీసి అందరం వెలుతుర్లో కూర్చున్నాం. సారు ఏదీ దాచకుండా చెప్పాడు. వేడిచేసి స్థిరపరిచే పద్ధతి ఉందని, స్ఫటికాలు చిట్లుతున్నాయని, వేడి పెంచే తీరు మార్చి చూడాలని, ఇంకో ఏడాది కావాలని అన్నాడు. ఛైర్మన్ తన మనుషులతో పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఏడాది ఇవ్వమని తాను రాస్తానన్నాడు. తలుపు దగ్గర భాయ్ లేచి నిలబడ్డాడు.

లేవబోతూ ఛైర్మన్ మామూలుగా అడిగే ప్రశ్న ఒకటి అడిగాడు. ఇక్కడ పనిలో ప్రమాదాలేమన్నా జరిగాయా అని. సారు తలుపు వైపు చూశాడు. భాయ్‌కి ఆయన మొహం కనపడి ఉండదు. కానీ గదిలో మాట ఆగిపోవడం విన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"జరిగిందండీ," అన్నాడు సారు. "అదుగో, ఆ తలుపు దగ్గర నుంచున్న మనిషి కుడికన్ను ఈ బల్ల దగ్గరే పోయింది. నేను మీకు రాయలేదు. మీరు వెళ్లాక రాద్దామనుకున్నా."

భాయ్ గబగబా ముందుకొచ్చాడు. దారిలో కుర్చీ తగిలింది. "అది నాకు ముందు నుంచే ఉందండీ. ఇక్కడ జరిగింది కాదండీ," అన్నాడు.

సారు అతన్ని ఊరుకోమన్నాడు. ఛైర్మన్ ఒకరి తరవాత ఒకరిని చూశాడు. ఆఖరికి నా వైపు తిరిగాడు. ఏడాది గడువు, సారు పరువు, భాయ్ మొండితనం, అన్నీ నా నోటి మీద ఆగాయి. సారు చెప్పిందే నిజమండీ అన్నాను. ఛైర్మన్ చేతిలో ఉన్న కాగితాలను మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు. వెళ్లేముందు భాయ్ దగ్గర ఆగి భుజం మీద చెయ్యి వేశాడు.

వాళ్ల జీపు వెళ్లిపోయాక సారు తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. భాయ్ బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. కన్ను పోయినందుకు అతను ఏడవడం నేను చూడలేదు, దీనికి ఏడ్చాడు. నన్ను దగ్గరకు రానివ్వలేదు.

ఆ తరవాత జరిగినవి ఆఫీసు వ్యవహారాలు. పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. లేజరును, స్ఫటికాలను పెట్టెల్లో పెట్టి హైదరాబాదు పంపాం. సారు మీద విచారణ జరిగింది. ఆయన ఏమీ వాదించుకోలేదు. ఒక మూల గదిలో కుర్చీ ఇచ్చారు, రిటైరయ్యే దాకా అందులో కూర్చున్నాడు. అక్కడున్నంత కాలం ఆయన చేసిన పని ఒకటే. భాయ్‌కి ఏదన్నా ఆధారం చూపించమని ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగేవాడు. భాయ్ పర్మినెంటు ఉద్యోగి కాడని, ఫిల్ములు చేసిపెట్టే బయటి మనిషి లెక్కలో ఉన్నాడని అన్ని గదుల్లోనూ ఒకే జవాబు. సారు పోయినప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను, కబురు ఆలస్యంగా అందింది.

ముద్రను వేడితో నిలబెట్టే పద్ధతి ఇతర దేశాల్లో కుదిరిందని తరవాత పత్రికల్లో చదివాను. మాకూ ఆ ఏడాది ఇచ్చి ఉంటే కుదిరేదా అంటే చెప్పలేను. కుదిరినా బజారులోకి వచ్చేది కాదేమో, ఎక్కడా రాలేదు కదా. ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు నేను చెప్పగలిగింది చిన్న విషయం. కళ్లజోడు పెట్టుకుంటే పని సాగదు అనిపించినప్పుడు పని ఆపండి. కిరణం బలం తగ్గించి, కార్డు మీద పట్టి చూసి సర్దుకునే మార్గాలు మాకూ తెలుసు. వాటికి సమయం పడుతుంది, మా దగ్గర లేదనుకున్నది అదే.

చాలా ఏళ్లకు, ఎనభైల చివర్లో, మా బంధువుల ఇంటి పనిమీద నందిగామ వెళ్లాల్సి వచ్చింది. బస్సు దిగి స్టూడియో వైపు నడిచాను. ఉంటుందో లేదో తెలియదు. ఉంది. లోపల కెమెరా వెనక నల్లగుడ్డలో తల పెట్టి ఫోకసు చూస్తున్నది భాయ్ భార్య. అతను ముందు నిలబడి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, గడ్డం ఎత్తమనడం, కబుర్లు చెప్పి నవ్వించడం చేస్తున్నాడు. దిద్దే పని మానేశారట. ఇప్పుడు అందరి మచ్చలూ ఉన్నవి ఉన్నట్టే వస్తన్నాయి అన్నాడు. నా గొంతు విని పోల్చుకున్నాడు. కూర్చోండక్కా అన్నాడు. ఆ పిలుపు వినగానే దగ్గరున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

టీ తెప్పించాడు. సారు పోయిన సంగతి అతనికి తెలుసు. చివరి ఏడాది సారు ఒకసారి ఇక్కడికి వచ్చాడట. ఫొటో తీయించుకుంటానని కూర్చుని, తీయించుకోకుండానే లేచి వెళ్లిపోయాడట. ఆయన మీద కోపం లేదా అని అడిగాను. "ఉండేది. ఆ రోజు చెప్పినందుకు. చెప్పకపోతే ఇంకా ఎక్కువ ఉండేదేమో," అన్నాడు.

ఇంతలో బడి నుంచి వాళ్ల పాప వచ్చింది. కన్ను పోయాక పుట్టిన పిల్ల. సంచి మూలన పడేసి నాన్న పక్కన నిలబడింది. భాయ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, మొహం పక్కకు తిప్పి, ఓరగా చూస్తున్నాడు. నేరుగా చూస్తే పిల్ల మొహం మచ్చ వెనక్కి పోతుంది. ఓరగా చూస్తే రంగూ కదలికా తెలుస్తాయి, పోలిక తెలియదు. భార్య లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీరు అబద్ధం చెప్పరు కదక్కా. ఎవరి పోలిక?"

నేను పాపను దగ్గరకు పిలిచి వెలుతురు వైపు తిప్పి చూశాను. తొందరపడకుండా చెప్పాను. నుదురు వాళ్లమ్మది, విశాలంగా ఉంది. గడ్డం కూడా ఆమెదే. ముక్కూ కళ్లూ మాత్రం నీవే, నవ్వబోయేటప్పుడు కుడికన్ను కొంచెం చిన్నదవుతుంది, నీకూ అలాగే అయ్యేది అన్నాను. అతను ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నాడు.

"వాళ్లమ్మా ఇదే చెప్పింది. నన్ను ఓదార్చడానికి అంటందేమో అనుకున్నా ఇన్నాళ్లూ," అన్నాడు.